అధికమాసం అడిగిన గొంతు

పొద్దు వాలాక కుసుమ్‌డాంగా రేవులో పడవ ఆపేవాడు లేడు. కలకత్తాకి ఎగువన గంగ మీద కాల్నా నుంచి త్రివేణి దాకా ఏ పడవవాణ్ణి అడిగినా అదే మాట. పగలైతే ఆపుతారు, ఉప్పు దించుతారు, జనపనార ఎక్కిస్తారు, బేరాలాడి తిట్టుకుంటారు కూడా. దీపాలవేళ అయ్యేసరికి మాత్రం అవతలి ఒడ్డు పట్టుకుని చప్పుడు చెయ్యకుండా పోతారు.

తప్పు రేవుది కాదు. రేవు పైన ఉన్న ఇంటిది. యాత్రీ ఇల్లు అంటాం. ఎవరో జమీందారు పుణ్యానికి కట్టించాడు. ఇటుక గోడలు, రెండు గదులు, నదిలోకి దిగే మెట్లు. ఇక బతకరనుకున్నవాళ్ళని మంచంతో సహా మోసుకొచ్చి అందులో దించుతారు. గంగ ఒడ్డున ప్రాణం పోతే మళ్ళీ పుట్టే పని ఉండదు కదా. ఘడియ దగ్గరపడిందనిపిస్తే మెట్ల మీదికి తెచ్చి, నడుం దాకా నీళ్ళలో ఉంచి, చెవిలో నారాయణ నామం చెబుతారు. అలాంటి ఇంట్లో దెయ్యం లేకపోతేనే వింత.

అయితే ఆ దెయ్యం తీరే వేరు. మా వైపు దెయ్యాలు చేపలు అడుగుతాయి. సంతనుంచి వచ్చేవాడి బుట్టలో చెయ్యి పెడతాయి, ముక్కుతో మాట్లాడతాయి, కొబ్బరిచెట్టు మీంచి కాళ్ళు వేలాడేస్తాయి. ఇది అవేమీ చెయ్యలేదు. చీకట్లో ఎవరైనా ఆ దారిన పోతే, లోపల్నుంచి ముసలిగొంతుతో మెల్లిగా…

“ఈవేళ తిథి ఏమిటి నాయనా?” అనేది.

అంతే. చెప్పినవాళ్ళు లేరు. పరుగో పరుగు.

ఇదంతా కుంపిణీవాళ్ళ రోజుల్లో మాట. నేను ఆ గొంతు వినలేదు. విన్నవాడు మా చిన్నతాత గుయిరాం, మా తాతకి తమ్ముడు. ముసలితనంలో, వానలకి బయటికి వెళ్ళలేక వసారాలో కూర్చున్నప్పుడు చెప్పేవాడు. గొంతులో ఎత్తూపల్లం ఉండేది కాదు. ఎవరో పక్కూరి మనిషి సంగతి చెబుతున్నట్టుండేది. ఆ దెయ్యం మాత్రం పక్కూరిది కాదు, మా ఇంటిదే. మా తాతమ్మ క్షేమంకరి, వాళ్ళిద్దరి తల్లి. ఊరు అలాగే అనుకుంది.

చిన్నతాత పంచాంగాలు అమ్మేవాడు. అప్పటిదాకా పంచాంగమంటే పురోహితుడి చేతిరాత పుస్తకం. ఆయన నోరు విప్పితేనే ఊరికి ఏకాదశి. కలకత్తా చిత్పూరు రోడ్డులో అచ్చాఫీసులు లేచాక ఎవరి ఇంట్లో వాళ్ళకే పంచాంగం వచ్చింది. గ్రహణాల బొమ్మలు, దుర్గమ్మ బొమ్మ, ప్రతి నెల కిందా పాత సామెతలు. ఏ మబ్బుకి ఏ విత్తనం, ఏ గాలికి ఏ రోగం, ఏ నక్షత్రంలో గడప దాటకూడదు. అయినా తిథులు చూసేది పురోహితుడే. జనం కొనుక్కున్నది ఆ సామెతల కోసం. చదువు రానివాళ్ళు కూడా పుట మీద వేలు పెట్టి గడగడా అప్పజెప్పేవాళ్ళు. అవి వాళ్ళకి నోటికి వచ్చినవే. అచ్చులో చూసేసరికి శాస్త్రమైపోయాయి.

చిన్నతాతకి ఆ సామెతలు వచ్చింది తల్లి దగ్గర. క్షేమంకరికి రానిది లేదు. మామిడి పూత నాటి మంచు మొదలుకొని కాకి కూత దాకా అన్నిటికీ ఒక మాట ఉండేది. అచ్చాఫీసులో పనికి కుదిరిన కొత్తలో చిన్నతాత ఆమెవి కొన్ని చెప్పి రాయించాడు. అచ్చయిన పంచాంగం తెచ్చి, “ఇదిగో, నీ నోటి మాట” అని ఆమె వేలు ఆ వరస మీద పెట్టాడట. ఆమె ఆ వేలు కళ్ళకద్దుకుని, ఇందులో నా పేరుందా అని అడిగిందట. లేదన్నాడు. పోనీలే, నా మాటలకి నా పేరెందుకు అని మళ్ళీ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఒక ఏడు జ్యేష్ఠమాసంలో ఆమెకి జ్వరం వచ్చింది. ఆశ్లేష నక్షత్రంలో పట్టుకుంది. ఆశ్లేషలో పట్టిన జ్వరం మనిషిని తీసుకునే పోతుందని ఆ నెల పుట కింద స్పష్టంగా అచ్చేసి ఉంది. అదీ ఆమె నోటి మాటే. ఊరి పెద్దలు వచ్చి చూశారు, పుట తిప్పి మా తాత నిబారణ్‌కి చూపించారు. ఇంట్లో పోతే గంగ దక్కలేదన్న మాట పడాలి. మంచం లేచింది. ఆమెని యాత్రీ ఇంటికి మోసుకెళ్ళారు. ఒప్పజెప్పి ఊరివాళ్ళు తిరిగొచ్చేశారు. తాతా, ఆయన బావమరుదులిద్దరూ ఉండిపోయారు. రెండో రోజున గుండు గీయించుకుని వచ్చి, రాత్రే అయిపోయింది, అక్కడే దహనం చేసేశాం అన్నారు.

చిన్నతాత అప్పటికి జెస్సోర్ పల్లెల్లో మిగిలిన పంచాంగాలు అమ్ముకుంటున్నాడు. ఆషాఢంలో ఇల్లు చేరితే తులసికోట దగ్గర తల్లి లేదు. అన్న గుండు మీద అప్పుడే మొలుస్తున్న వెంట్రుకలు కనిపించాయి.

ఆ నెలలోనే రేవులో గొంతు మొదలైంది. పగలు కూడా ఆ ఇంట్లోకి తొంగిచూసేవాడు లేకుండా పోయాడు.

మా పురోహితుడు సర్వేశ్వర భట్టాచార్యుల దగ్గర అన్నిటికీ సమాధానం ఉండేది. ఏడాది తిరిగేదాకా పోయిన మనిషి ప్రేతమే అన్నాడాయన. ఇటు ఇల్లూ లేదు, అటు లోకమూ లేదు. నెలనెలా మాసికం పెట్టి, ఒక మూకుడు అన్నం రేవు మెట్ల మీద ఉంచాలి. ఏడాదికి సంవత్సరీకం పెడితే పెద్దల్లో కలుస్తుంది, ఇక ఏటికొక్క తద్దినం చాలు. పాపం, ఆ రోజు ఎప్పుడొస్తుందా అని లెక్క పెట్టుకుంటోంది, అందుకే తిథి అడుగుతోంది. ఊరికి ఆ మాట నచ్చింది. మా తాత ప్రతి నెలా మాసికం పెట్టి, చీకటి పడకముందే మూకుడు రేవులో ఉంచి, వెనక్కి చూడకుండా వచ్చేవాడు. తెల్లారేసరికి మూకుడు ఖాళీ. ముట్టిందని అందరూ తృప్తి పడేవాళ్ళు.

ఫాల్గుణంలో దెయ్యం ప్రశ్న మార్చింది. “కొత్త పంచాంగం వచ్చిందా నాయనా? అందులో అధికమాసం ఉందా?”

దానికీ భట్టాచార్యులు చెప్పాడు. అధికమాసం పడితే ఏడాదికి పదమూడు నెలలు. సంవత్సరీకం ఒక నెల వాయిదా పడుతుంది, మాసికం ఒకటి ఎక్కువ పెట్టాలి. విముక్తి ఆలస్యమవుతుందేమోనని భయపడుతోంది అన్నాడు.

కలకత్తా వెళ్ళడానికి చిన్నతాత సంచీ సర్దుకుంటుంటే పక్కింటి పద్మ పిన్ని గుమ్మంలోకి వచ్చింది. ఆమె నోటికి భయపడి కుక్కలు కూడా దారి మార్చేవట.

“ఊళ్ళన్నిటికీ మంచిరోజులు అమ్ముతావు. తల్లి పోయిన రోజున లేవు. ఇప్పుడు ఆ తల్లి దారిన పోయేవాళ్ళని పంచాంగం అడుక్కుంటోంది. ఒక్క మాట చెప్పే దిక్కు లేదు” అంది.

చిన్నతాత సంచీ మూతి బిగించి కట్టాడు. కానీ ఆ మాట లోపల ఎక్కడో దిగబడిపోయింది. తల్లికి నిప్పు పెట్టినప్పుడు తను లేడు. కనీసం విడుదల ఎప్పుడో తనే చెప్పాలి. ఆ చైత్రంలో ఆయనకి కావలసింది అదొక్కటే.

అచ్చాఫీసులో తడి ఆరని పుటలు ఇంకా దారానికి వేలాడుతుండగానే వెళ్ళి చూశాడు. అధికమాసం లేదు. తల్లి పోయిన జ్యేష్ఠ బహుళ షష్ఠికే సంవత్సరీకం, ఒక్క రోజు ఆలస్యం లేదు. ప్రాణం లేచొచ్చింది. ఎప్పుడూ పంచాంగాల మూట భుజానికెత్తుకుని తిన్నగా జెస్సోర్ వైపు పోయేవాడు, ఆ ఏడు మా ఊరి వైపు పడవెక్కాడు.

పడవ నడిపేది కలీముద్దీన్. రేవు దగ్గరపడుతుంటే పొద్దు వాలింది. పడవని అవతలికి తిప్పబోయాడు.

“నన్ను ఈ రేవులోనే దించు” అన్నాడు చిన్నతాత.

కలీముద్దీన్ గెడ ఆపి ఆయన ముఖంలోకి చూశాడు. మతి ఉండే మాట్లాడుతున్నావా తమ్ముడూ, అన్నాడు. ఉందన్నాడు ఈయన. నీ మూట తడిస్తే నా పూచీ కాదు, నువ్వు తిరిగి రాకపోతే అది అసలు నా పూచీ కాదు అని సణుక్కుంటూ, మెట్ల దాకా కూడా రాకుండా మోకాటి లోతు నీళ్ళలో దించేసి, గబగబా గెడ వేసుకుని పోయాడు.

తర్వాత చప్పుడు లేదు.

చిన్నతాత మూట నెత్తిన పెట్టుకుని మెట్లెక్కాడు. గాలి లేదు. మెట్ల మీద పాచి. పైన ఇల్లు — తలుపు లేని గుమ్మం, లోపల చీకటి.

గుమ్మానికి కాస్త దూరంలో ఆగాడు. తల్లే కదా, భయమెందుకు అనుకున్నాడట. అనుకున్నంత మాత్రాన కాళ్ళు వింటాయా…

లోపల ఏదో కదిలింది. చీర రాసుకున్న చప్పుడు.

“ఎవరది?”

ఈయన పేరు చెప్పలేదు. దెయ్యాలకి పేరు చెప్పకూడదు. ఇంకో పని చేశాడు. మామిడి పూత మీద మంచు పడితే ఏమవుతుందో ఒక సామెత ఉంది. అది సగం చెప్పి ఆపేశాడు. తల్లి నేర్పిన పద్ధతిలో, ఆమె సాగదీసే చోటే సాగదీసి.

లోపల చీర చప్పుడు ఆగింది.

తర్వాత… మిగతా సగం వచ్చింది.

చిన్నతాత మూట కింద పెట్టి, దాని పక్కనే కూలబడ్డాడు. ఏడుపు వస్తుందనుకున్నాడట. రాలేదు. నోరు మాత్రం దానంతటది మాట్లాడింది.

“అమ్మా.”

“గుయీ… నువ్వా నాయనా.” గొంతు గుమ్మం దాకా వచ్చి ఆగింది. “లోపలికి రాకు. దీపం వెలిగించకు. అక్కడే ఉండు.”

అక్కడే ఉన్నాడు. ఇల్లు ఎలా ఉందని అడిగింది. పిల్లల గురించి అడిగింది. ఎర్రావు ఈనిందా అంది. ఈనింది, పెయ్యదూడ అన్నాడు. కింద నీళ్ళు మెట్లకి తగులుతున్న చప్పుడొక్కటే వినపడింది.

“కొత్త పంచాంగం తెచ్చావా?”

“తెచ్చానమ్మా.”

“అధికమాసం…”

ఇదిగో, ఈ మాట కోసమే కదా వచ్చింది. చిన్నతాతకి పుటలన్నీ కంఠతా వచ్చు, అమ్మేవాడికి అది తప్పదు. దీపంతో పనిలేదు. తలెత్తి, బహుమానం ఇస్తున్నవాడిలా చెప్పాడు. అధికమాసం లేదమ్మా. జ్యేష్ఠ బహుళ షష్ఠికే నీ సంవత్సరీకం. ఈసారి నేనెక్కడికీ పోను, దగ్గరుండి చేయిస్తాను. ఇంక నీకీ అవస్థ ఉండదు.

లోపల చీర మళ్ళీ రాసుకున్న చప్పుడు.

“విన్నావా అమ్మా?”

“ఇంకో పుస్తకం చూడు” అంది.

అన్నీ ఒక్కటేనమ్మా, ఒకే అచ్చు అన్నాడు.

“అచ్చులో తప్పు పడి ఉంటుందేమో.”

ఈయనకి చిన్న నవ్వొచ్చింది. అచ్చులో తప్పులకేం, బోలెడుంటాయి. పోయిన ఏడు వినాయకుడి బొమ్మకి తొండం మరిచిపోయారు. కానీ నెలలు తప్పిపోవమ్మా, అన్నాడు.

“షష్ఠి తర్వాత?” అంది.

“తర్వాత ఇక ఏటికోసారి తద్దినం.”

“ఏటికోసారి…” ఆ మాట ఆమె లోపలికి తీసుకుపోయింది. గొంతు దూరమైంది. గోడకి చేరగిలబడినట్టుంది.

బెంగ పెట్టుకుందనుకున్నాడు చిన్నతాత. అందర్నీ వదిలి పోవాలి కదా, ప్రేతానికైనా బెంగ ఉంటుంది. తోచిన ధైర్యం చెప్పాడు. నాన్న అక్కడ ఉంటాడు, నాయనమ్మ ఉంటుంది అని.

ఆమె అదేమీ విన్నట్టు లేదు.

“గుయీ… నీ సంచీలో తినడానికేమైనా ఉందా?”

ఉంది. మరమరాలున్నాయి. ఈతబెల్లం ముక్క ఉంది. దారికి అచ్చాఫీసు వంటమనిషి కట్టిచ్చింది. ఆయన చెయ్యి సంచీలోకి పోయింది కూడా. మరమరాల పొట్లం తగిలింది. అక్కడ ఆగిపోయింది.

మాసికం అన్నం తప్ప వేరే తిండి పెడితే ప్రేతానికి ఈ లోకం మీద ఆశ తెగదు. తిరిగి తిరిగి ఇక్కడికే వస్తుంది. విడుదల ఉండదు. మా ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతి. భాద్రపదం పుట కింద అచ్చేసి కూడా ఉంది.

“ఇవ్వకూడదమ్మా” అన్నాడు. “ఇన్నాళ్ళు ఓర్చుకున్నావు. ఇంకెంతో లేదు. ఇస్తే నువ్విక్కడే ఉండిపోతావు. నువ్వే కదా నేర్పావు ఆ మాట.”

చీకట్లో ఊపిరి వినపడింది. దెయ్యానికి ఊపిరేమిటని ఆయనకి తట్టలేదు. ఆ తర్వాత జీవితమంతా ఆ ఊపిరే విన్నానని నాతో అన్నాడు.

“అవును” అంది తల్లి. “నేనే నేర్పాను.”

మళ్ళీ అడగలేదు.

ఇక వెళ్ళు నాయనా, మంచు దిగుతోంది, తలకి గుడ్డ చుట్టుకో అంది. ఈయన లేచాడు. గుమ్మం వైపు సాష్టాంగపడ్డాడు. పొలాల గట్టున ఇంటికి నడుస్తుంటే మనసు తేలికపడింది. పని పూర్తి చేశాననుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి అన్న అన్నం తింటున్నాడు. అమ్మతో మాట్లాడి వస్తున్నానన్నాడు చిన్నతాత. మా తాత చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

“లోపలికి వెళ్ళావా?”

“లేదు. రావద్దంది.”

“ఏమడిగింది?”

“అధికమాసం ఉందా అని. లేదన్నాను.”

మా తాత అన్నం వదిలేసి, చెయ్యి కడుక్కుని, పెరట్లోకి పోయి చాలాసేపు నిలబడ్డాడు. తమ్ముడు దాన్ని దుఃఖం అనుకున్నాడు. అది దుఃఖమో, భయమో, రెండూనో మనకి తెలీదు. ఆయన నేను పుట్టకముందే పోయాడు. ఉంటే అడిగేవాణ్ణి అనుకుంటాను. అడగగలిగేవాణ్ణో లేదో.

షష్ఠినాడు సంవత్సరీకం జరిగింది. లోటు లేకుండా చేశారు. భట్టాచార్యులు గొంతు బొంగురుపోయేదాకా మంత్రాలు చదివాడు. ఊరంతా వచ్చి తిన్నారు. పద్మ పిన్ని కూడా ఇక చాలు అనేదాకా తిని, నీ రుణం తీర్చుకున్నావు గుయీ అని మెచ్చుకుంది. ఆ సాయంత్రం చివరి మూకుడు రేవుకి వెళ్ళింది.

ఆ రోజు నుంచి గొంతు వినపడలేదు.

తిథి అడిగేవాళ్ళు లేరు. పంచాంగం అడిగేవాళ్ళు లేరు. చూశారా శాస్త్రం అన్నాడు భట్టాచార్యులు. ఆషాఢం వచ్చేసరికి పడవలు పొద్దు వాలాక కూడా మా రేవులో ఆగడం మొదలుపెట్టాయి. ఇల్లు మంచిదైపోయింది. ఆ ఏడు చిన్నతాత పంచాంగాలు ఎన్నడూ లేనంతగా చెల్లిపోయాయి. తల్లికి ముక్తి ఇచ్చిన పంచాంగమని పేరొచ్చింది.

శ్రావణంలో ఒకరోజు తెల్లవారుతూనే కలీముద్దీన్ మా వాకిట్లోకి వచ్చాడు. ఒళ్ళంతా తడిసి ఉన్నాడు. రాత్రి వానకి పడవ కట్టేసి యాత్రీ ఇంటి అరుగు మీద పడుకున్నాడట.

“లోపలి గదిలో ముసలమ్మ పోయి ఉంది” అన్నాడు. “దెయ్యం కాదు బాబూ. దెయ్యాలు చావవు.”

అందరూ వెళ్ళారు. గోడవారగా పక్కకి తిరిగి పడుకుని ఉంది. ఎముకలగూడు మీద తెల్లచీర. భట్టాచార్యులు గుమ్మం దాటలేదు. మా తాత లోపలికి వెళ్ళాడు, చూశాడు, బయటికి వచ్చాడు.

“ఎవరో పాపం. మనవాళ్ళు కాదు” అన్నాడు.

కాదు కదా, వీళ్ళ మనిషికి సంవత్సరీకం కూడా అయిపోయిందాయె అని భట్టాచార్యులు తలూపాడు. అనాథప్రేతం, పుణ్యానికి కాల్చేద్దాం అన్నారు. కట్టెల కోసం మనుషులు వెళ్ళారు.

చిన్నతాత లోపలే ఉండిపోయాడు. తల్లిని గుర్తుపట్టడానికి ఆనవాళ్ళు అక్కర్లేదు. పాదాల దగ్గర కూర్చున్నాడు. అన్న వచ్చి గుమ్మంలో నిలబడి, గోడతో చెబుతున్నట్టు చెప్పాడు.

ఇక్కడికి మోసుకొచ్చిన రాత్రే నీళ్ళలో జ్వరం దిగిపోయిందట. తెల్లారేసరికి లేచి కూర్చుని చద్దన్నం అడిగిందట. గంగకి ఒప్పజెప్పిన మనిషి లేచొస్తే ఇంట్లోకి తీసుకోకూడదు. తీసుకుంటే ఆ ఇల్లు నిలవదు, ఊళ్ళో ఎవరూ నీళ్ళు ముట్టరు. బావమరుదులు అదే అన్నారు. చివరికి ఆమే అంది, పిల్లలున్నారు, నేను రాను, నన్ను పోయినట్టే చెప్పెయ్ అని. దర్భబొమ్మ చేసి కాల్చేశారు. రోజూ అన్నం పట్టుకొస్తే ఊరు ఊరుకోదు. మాసికం మూకుడైతే ఎవరూ అడగరు.

ఆ మూకుడే ఆమె తిండి. మిగతా రోజులు గంగ నీళ్ళు, రేవులో దొరికిన ఆకూ కాయా. తిథి అడిగింది మాసికం ఎప్పుడో తెలుసుకోవడానికి. అధికమాసం అడిగింది ఇంకొక్క మాసికం దొరుకుతుందేమోనని. షష్ఠి దాటాక అడగడానికి ఏమీ లేదు. అందుకే గొంతు ఆగిపోయింది.

చిన్నతాతకి కోపం రాలేదట. అన్నని కొట్టాలనిపించలేదట. ఏదీ అనిపించలేదు అని చెప్పేవాడు, ఒళ్ళు తనది కానట్టు ఉందని. లేచి, అన్న పక్కనుంచే మెట్లు దిగి వెళ్ళాడు. కింద కలీముద్దీన్ పడవలో చేరిన వాననీళ్ళు తోడిపోస్తున్నాడు.

“రాత్రి నీకేమైనా వినపడిందా?” అని అడిగాడు.

లోపల ఎవరో దగ్గుతుంటే బాటసారి అనుకున్నాను, కాసేపటికి ఆగిపోయింది, నిద్రపోయారనుకున్నాను అన్నాడు కలీముద్దీన్.

“ఎప్పుడు ఆగింది? నక్కలు కూయకముందా, కూశాకా?”

“ఇప్పుడదంతా ఎందుకు తమ్ముడూ?”

“చెప్పు. నక్కలు కూసేదాకా అష్టమి.”

కలీముద్దీన్ చేతిలో చిప్ప పట్టుకుని ఆలోచించాడు. “కూశాక” అన్నాడు.

“అయితే నవమి” అన్నాడు చిన్నతాత.

అప్పటినుంచి మా ఇంట్లో తాతమ్మకి ఏటా రెండు తద్దినాలు. జ్యేష్ఠ షష్ఠినాడు ఊరందరినీ పిలిచి పెడతాం. శ్రావణ నవమినాడు తలుపులు వేసుకుని పెడతాం.